ఆ పురుగు చెవి ఎక్కడుందో చూడాలి

సంపాదకులకు నమస్కారం.

గోదావరి డెల్టాలో వరి మొవ్వ చచ్చినా, తెల్లకంకి వచ్చినా వ్యవసాయ పేజీల్లో ‘కాండం తొలుచు పురుగు’ అని ఒకటే పేరు అచ్చవుతుంది. కానీ అందులో పసుపు రంగుది క్రాంబిడే కుటుంబంలో షోనోబీనే ఉపకుటుంబానిది, గులాబీ రంగుది నాక్టుయిడే కుటుంబానిది. రెక్కల పురుగుగా మారాక మొదటిదానికి చెవి పొట్ట మొదట్లో ఉంటుంది, రెండోదానికి రొమ్ము వెనక భాగంలో. కాండం తొలిచే అలవాటు రెంటికీ విడివిడిగా అబ్బింది. నష్టాన్ని చూసి చుట్టరికం కలపకూడదు. పసుపుది ఆకు కొసల దగ్గర గుడ్లు పెట్టి తన తోక బొచ్చుతో కప్పేస్తుంది. నాట్లకు ముందు నారు కొసలు తుంచమనేది అందుకే. గులాబీది ఆకు తొడుగు లోపల వరసగా పెడుతుంది, కొసలు తుంచితే దానికేం కాదు. ఆడపురుగు వాసనతో మగవాటిని పట్టే పసుపుదాని లింగాకర్షక బుట్టలో అది పడదు కూడా.

‘డీఎన్ఏ చూస్తే తేలిపోతుంది’ అనేది సగం మాటే. జాతిని పోల్చే బార్‌కోడ్‌గా వాడే, మైటోకాండ్రియాలోని సీఓఐ అనే జన్యువు ముక్కలో 658 అక్షరాలుంటాయి. జాతిని గుర్తించడానికి అది బాగానే పనికొస్తుంది. ఉపకుటుంబాలు విడిపోయింది కోట్ల ఏళ్ల కిందట. ఆ ముక్కలో ఒకే చోట మార్పు మీద మార్పు జరిగి పాత గుర్తులు చెరిగిపోతాయి. అందుకని కేంద్రకంలోని జన్యువులు కొన్నిటిని కలిపి చదవాలి, దేహ నిర్మాణంతో సరిచూడాలి. ఉదాహరణకు వరి ఆకుముడత పురుగును ఒకప్పుడు క్రాంబిడేలోనే పైరాస్టినే అనే ఉపకుటుంబంలో వేసేవారు, ఇప్పుడది స్పైలోమెలినే అనే మరో ఉపకుటుంబంలో ఉంది. పైరాస్టినే ఆడపురుగుల జననాంగ సంచిలో సాధారణంగా వజ్రాకారపు పలక ఉంటుంది. దీన్ని చూడాలంటే కోయక తప్పదు.

కోసే పద్ధతి కష్టమేమీ కాదు. ముందు డీఎన్ఏ కోసం ఒక కాలు తుంచి 95 శాతం ఆల్కహాల్లో వేసి ఫ్రీజర్లో పెట్టాలి. ఫార్మలిన్ తగిలితే డీఎన్ఏ పాడవుతుంది. దీపపు ఎర కింద సబ్బునీళ్లలో రాత్రంతా నానినదైతే, మన ఉక్కకు దాని డీఎన్ఏ మీదా నమ్మకం లేదు. పొట్టను విరిచి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా ఉంచి, నీటిలో కడిగి, సన్న కుంచెతో పొలుసులు తీయాలి. తొందరపడి ఎక్కువసేపు మరిగిస్తే పల్చటి పొరలు కనబడకుండా పోతాయి, రంగు పట్టించినా లాభముండదు. మిగిలిన దేహాన్ని సూదికి గుచ్చి, కాలు సీసా మీద వేసిన అంకెనే దానికీ వేసి దాచాలి. ఇలా దాచిన దేహం లేని డీఎన్ఏ వరస తప్పు పేరుతో నమోదైతే దిద్దేందుకు దారుండదు. డెల్టా తేమకు పెట్టెలో బూజు పడుతుంది, సిలికా జెల్ మారుస్తుండాలి.

చివరగా ఒక మనవి. పసుపు పురుగు ఫోటో వేసినప్పుడు ఆడదో మగదో రాయండి. ముందు రెక్క మీద నల్లచుక్క ఆడదానికే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మగది చిన్నది, మాసిన గోధుమ రంగు. దాన్ని వేరే పురుగనుకుని వదిలేస్తున్నారు.

– కీటకశాస్త్ర అధ్యాపకుడు, తణుకు