అమ్మడికి, జీపు ఇంజను విప్పేముందు

చి. అమ్మడికి,

నాన్న ఆశీర్వదించి రాయునది. బాబాయి కంటి ఆపరేషను అయి కట్టు విప్పేదాకా మేం విశాఖపట్నం నుంచి కదిలేలా లేం. జీపు సంగతి ఫోన్లో ముక్కముక్కలుగా చెప్తే సగం గాలికి పోతుంది. అందుకే కాయితం మీద పెడుతున్నాను.

“రింగులు పోయాయి నాన్నా, కిట్టు తెప్పించేస్తాను” అన్నావు. ఆగు. పిస్టను చుట్టూ ఉండే రింగులే పోయాయని ఇంకా తేలలేదు. పోయినా ఎందుకు పోయాయో తెలియాలి. అది తెలియకుండా కిట్టు వేస్తే పాత రింగుల్ని తిన్న జబ్బే కొత్తవాటినీ తింటుంది.

ముందు పొగ రంగు చూడు. నీలంగా వస్తే ఆయిలు కాలుతోంది. నల్లగా వస్తే డీజిలు ఎక్కువైనా అయ్యుండాలి, గాలి చాలకైనా అయ్యుండాలి. అప్పుడు ఇంజను జోలికి పోకుండా నాజిళ్లూ ఎయిర్ క్లీనరూ చూసుకోవాలి. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగక, రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే అది హెడ్డు సంగతి. తర్వాత ఐడిల్లో ఉండగా ఆయిలు పోసే మూత వదులు చేసి పైన ఉంచు. మూత ఎగిరెగిరి పడుతూ పొగ తన్నుకొస్తే బ్యాక్ కంప్రెషన్ ఉన్నట్టు, అంటే సిలిండర్లో గాలి పిస్టను దాటి కిందికి కారుతున్నట్టు.

బ్యాక్ కంప్రెషన్ ఉన్న డీజిలు ఇంజనుతో ఒక ప్రమాదం ఉంది. చాంబర్లోని (క్రాంకు తిరిగే అడుగు గదిలోని) ఆయిలు ఆవిరి గాలిదారిలోకి ఎక్కువగా పోతే ఇంజను దాన్నే తాగి పరిగెడుతుంది. స్టాప్ కేబులు లాగినా ఆగదు. ఇన్‌టేక్ మూతికి సరిపడే ప్లైవుడ్డు ముక్క ఒకటి కోసి, స్టార్టు చేసే ప్రతిసారీ పక్కన పెట్టుకో. అలా లేచిపోతే ఆ ముక్కతో మూతి మూసేయ్. గాలి అందకపోతే ఆగిపోతుంది. చెయ్యి మాత్రం అడ్డం పెట్టకు.

ఇక కంప్రెషన్ కొలత. పెట్రోలు బండి గేజి 300 పీఎస్ఐ దగ్గరే అయిపోతుంది, అది పనికిరాదు. డీజిలు గేజి అద్దెకు తెచ్చుకో. ఇంజను వేడి మీద నాలుగు ఇంజెక్టర్లూ తీసి, స్టాప్ లీవరు లాగి కట్టేసి, బ్యాటరీ నిండుగా ఉండగా ఒక్కో సిలిండరూ ఐదారు సెకన్లు తిప్పు. 350 నుంచి 450 మధ్య చూపిస్తే ప్రాణం ఉన్నట్టే. నాలుగింటికీ మధ్య తేడా పదోవంతు దాటకూడదు. పక్కపక్కనున్న రెండు మాత్రమే పడిపోతే వాటి మధ్య హెడ్డు గ్యాస్కెట్ కాలిందని అనుమానించు. తక్కువ చూపిన సిలిండర్లో ఒక్క టీచెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలువు. అంకె బాగా పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు. నీది డీజిలు నేరుగా సిలిండర్లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షను ఇంజను, మహీంద్రా ఎం.డి.ఐ. కాబట్టి పిస్టను నెత్తిన గుంట ఉంటుంది. పోసిన ఆయిల్లో కొంత ఆ గుంటలోనే నిలిచి ఖాళీని తగ్గిస్తుంది, కనక అంకె కొంచెం పెరిగినంత మాత్రాన రింగులని తేల్చెయ్యకు. చెంచాడుకి మించి మాత్రం పోయకు. ద్రవం నలగదు, రాడ్డు వంగుతుంది.

ఆయిలు ప్రెషరు కూడా రాసుకో. బాగా వేడెక్కాక ఐడిల్లో 15 పీఎస్ఐ కన్నా పడిపోతోందంటే బేరింగులు అరిగినట్టు. అప్పుడు రింగులతో సరిపెట్టుకోడం కుదరదు, క్రాంకు కూడా దింపాల్సిందే.

విప్పాలని తేలిందనుకుందాం. పశువుల సావిడిలో చెయ్యి, కానీ సావిడి దూలానికి చైన్ బ్లాకు తగిలించకు. అది కొబ్బరి దూలం, పైకి గట్టిగా కనపడినా లోపల చెదలు ఎంత తిన్నాయో ఎవరికీ కనపడదు. మూడు ఇనప పైపుల ముక్కాలి నిలబెట్టి 1 టన్ను బ్లాకు వాడు. ఎంత గట్టి బ్లాకైనా వేలాడే ఇంజను కిందకి తల పెట్టకు. బ్యాటరీ నెగటివ్ వైరు మొట్టమొదట తియ్యి. నేల మీద ధాన్యం బరకం పరిచి, దాని మీద పాత దుప్పటి వెయ్యి. ఒక్కో సిలిండరు సామాను ఒక్కో డబ్బాలో పెట్టి అంకె రాయి. పుష్ రాడ్లు అట్టముక్కకి కన్నాలు పొడిచి వరసగా గుచ్చు. కాన్‌రాడ్ (పిస్టనునీ క్రాంకునీ కలిపే రాడ్డు) క్యాపులూ, క్రాంకుని బ్లాకుకి పట్టి ఉంచే మెయిన్ క్యాపులూ వాటి రాడ్డుకీ చోటుకీ కలిపి చేసినవి. ఒకదాని క్యాపు ఇంకోదానికి పెట్టావో, బేరింగు పోయినట్టే. విప్పకముందే ఏ నంబరు ఎటువైపు చూస్తోందో ఫోటో తీసుకో. హెడ్డు బోల్టులు ఇంజను పూర్తిగా చల్లారాకే, కొసల నుంచి మధ్యకి వస్తూ, ఒక్కోటీ పావు తిప్పు చొప్పున వదులు చెయ్యి. డీజిలు పంపు తీసేముందు దాని ఫ్లాంజి మీదా ఇంజను మీదా కలిపి ఒక సన్నగీత గీసుకో. పైపుల మూతులకి ప్లాస్టిక్ కవర్లు కట్టు, గుడ్డ కట్టకు. గుడ్డపీచు ఒక్క పోగు చాలు నాజిలు పాడవడానికి. పంపు లోపలి పని ఇంట్లో చెయ్యొద్దు.

ఇప్పుడు తీరిగ్గా కూచుని చూడాల్సిన భాగం. అరుగుదల ఎక్కణ్ణించి వచ్చిందో ఇనుమే చెప్తుంది. పై రింగు బాగా సన్నబడి, కిందికి వచ్చేకొద్దీ రింగులు బాగుంటే, దుమ్ము గాలితోపాటు పైనుంచి వచ్చిందన్నమాట. ఇన్‌టేక్ మానిఫోల్డులో వేలు పెట్టి తిప్పు, ఇసక గరగరలాడుతుంది. ఆయిలు రింగే ఎక్కువ అరిగి, బేరింగు షెల్లుల మీద గీతలుంటే మురికి ఆయిల్లో తిరిగింది: ఫిల్టరు మార్చకపోవడమో, వరదలో నీళ్లు చొరబడటమో అయ్యుంటుంది. ఒకే పిస్టను ఒక పక్క పైనా, రెండో పక్క కిందా నిగనిగలాడుతుంటే ఆ కాన్‌రాడ్ వంగింది. నీళ్లలో దిగి గాలిదారిలోంచి నీరు మింగిన బండికి ఇది మామూలే. రింగులు కొత్తవైనా ఆ సిలిండరు కంప్రెషన్ తక్కువే చూపిస్తుంది, ఎందుకంటే పిస్టను పైదాకా రాదు. అందుకే నాలుగు రాడ్లూ లేతు షాపులో వంపు చూపించు.

మన జీపు దాళ్వా కోతలప్పుడు పుంతల్లోనూ, ఎండాకాలం ఏటిగట్టు మీదా, లంకల ఇసకలోనూ తిరిగింది. దుమ్ము కేసే అవుతుందని నా పందెం. అయినా చూసి తేల్చుకో, నా మాట పట్టుకుని కాదు.

బోరు, అంటే సిలిండరు అడ్డకొలత 88.9 మి.మీ., స్ట్రోకు, అంటే పిస్టను నడిచే దూరం 101.6, నాలుగు సిలిండర్లకీ కలిపి 2523 సీసీ. మూడున్నర అంగుళాలూ, నాలుగంగుళాలూ అన్నమాట. బోర్ గేజి లేకపోయినా అరుగుదల తెలుసుకునే ఉపాయం ఒకటుంది. రింగు ఒకటి తీసుకుని బోరులో అట్టడుగుకి దింపు, అక్కడ అరుగుదల ఉండదు. పిస్టను తలకిందులు చేసి దాంతో తోస్తే రింగు వంకర లేకుండా కూచుంటుంది. కొసల మధ్య సందు ఫీలర్ గేజితో (సన్న రేకుల కొలతతో) కొలువు. తర్వాత అదే రింగు పైన, అరుగుదల వల్ల బోరు మూతి దగ్గర ఏర్పడిన మెట్టుకి కొద్దిగా దిగువన పెట్టి కొలువు. రెండు సందుల తేడాని 3.14తో భాగిస్తే బోరు ఎంత పెరిగిందో వస్తుంది. కింద 0.40, పైన 1.00 వచ్చిందనుకో. తేడా 0.60, భాగిస్తే 0.19 మి.మీ. నా లెక్కలో 0.15 దాటిన బోరులో కొత్త రింగులు వెయ్యడం డబ్బు గోదాట్లో పారేసుకోడమే. నాలుగు నెలల్లో మళ్లీ నీలంపొగ వస్తుంది. లైనర్లు మార్చాలి లేదా బోరు చేయించాలి, రెండూ లేతు షాపు పనే. పిస్టన్లు ముందు కొని షాపుకి పట్టికెళ్లు. ఏ పిస్టను ఏ బోరులోకో అక్కడే కొలిచి, నంబరు కొట్టించుకో. బోరు ముందు చేయించి పిస్టన్లు తర్వాత వెతుక్కునే వాళ్లున్నారు, ఆ పని చెయ్యకు.

క్రాంకు జర్నళ్లు (బేరింగుల్లో తిరిగే గుండ్రటి భాగాలు) మైక్రోమీటరుతో రెండు దిక్కుల్లో కొలిపించు. గుండ్రం 0.05 మి.మీ. తప్పినా, గోరుకి గీత తగిలినా గ్రైండింగుకి ఇచ్చెయ్. ఎంత తీశారో దాన్ని బట్టి 0.25 లేదా 0.50 షెల్లులు కొను, గ్రైండింగు కాకముందు కొనొద్దు. క్రాంకు ఇంటికొచ్చాక ఆయిలు దారులన్నిట్లో సన్న బ్రష్షు దూర్చి, కిరసనాయిలుతో కడిగి, గాలి కొట్టు. గ్రైండింగు పొడి అక్కడే దాక్కుంటుంది.

హోనింగు (గోడల్ని రాయితో రుద్దడం) అయిన బోరుని కిరసనాయిలుతో తుడిచి శుభ్రమైందనుకునే వాళ్లే ఎక్కువ. కిరసనాయిలు జిడ్డునే తీస్తుంది, రాయిపొడిని అక్కడే వదిలేస్తుంది. వేణ్ణీళ్లూ బట్టలసబ్బూ పెట్టి బ్రష్షుతో రుద్దాలి, తెల్లగుడ్డ పెట్టి తుడిస్తే తెల్లగానే రావాలి. ఆరిన నిమిషంలో ఆయిలు రాసెయ్. మన గాలిలో చెమ్మకి, సముద్రం దాపున ఉప్పుకి, ఒట్టి ఇనుము గంటలోనే ఎర్రబారుతుంది.

బిగింపుకొచ్చేసరికి తొందరపడకు. షెల్లు వీపు వైపు పొడిగా ఉండాలి, లోపలి వైపు ఆయిలు ఉండాలి. ప్లాస్టీగేజి అనే, నలిగే సన్న ప్లాస్టిక్ పోగు ఒకటి జర్నలు మీద పెట్టి, క్యాపు మాన్యువల్లో చెప్పిన టార్కుకి బిగించి, క్రాంకు తిప్పకుండా విప్పు. నలిగిన వెడల్పుని బట్టి సందు తెలుస్తుంది, 0.04 నుంచి 0.08 మధ్య ఉంటే సరి. కొలిచేటప్పుడు ఆయిలు ఉండకూడదు సుమా. అది అయ్యాక అసలు బిగింపులో ఒక్కో క్యాపు బిగించిన ప్రతిసారీ క్రాంకు చేత్తో తిప్పి చూడు. ఏ క్యాపు దగ్గర బిగుసుకుందో అప్పటికప్పుడు తెలుస్తుంది. అన్నీ బిగించాక వెతికితే మళ్లీ మొదటికి.

కొత్త రింగుల కొసల సందు కూడా కొలవాలి. ఈ బోరుకి 0.30 నుంచి 0.40 మి.మీ. తక్కువుంటే సన్నాకురాయితో కొద్దికొద్దిగా అరగదియ్యి. వేడికి సాగినప్పుడు కొసలు కొట్టుకుంటే బోరంతా గీసుకుపోతుంది. అక్షరాలున్న ముఖం పైకి రావాలి. కొసలన్నీ ఒకే వరసలో రాకుండా, పిన్ను మీదకి రాకుండా చుట్టూ సర్దు.

హెడ్డుకి స్కేలు, ఫీలరు పెట్టి చూడు. 0.10 దాటి వంగితే ఫేసింగు చేయించు, అంటే ముఖం చదును చేయించు. వాల్వుల మధ్య పగులుందేమో చూపించు. వాల్వులు పేస్టు పెట్టి రుద్దాక పోర్టుల్లో కిరసనాయిలు పోసి పది నిమిషాలు ఆగు, చుక్క దిగకూడదు. ఇంజెక్టర్ల కింద రాగి వాషర్లు ఒక్కోటే, కొత్తవి వెయ్యి. పాతదాని మీద కొత్తది వేస్తే నాజిలు పైకి జరిగి, డీజిలు గుంటలో పడాల్సింది పక్కన పడుతుంది.

బ్లాకు పక్కనున్న వెల్చ్ ప్లగ్గులు (నీళ్లదారికి ఉండే రేకు మూతలు) ఊడదీసి తీగతో లోపల కెలుకు. వెనక నాలుగో సిలిండరు దగ్గర బురదా పొక్కూ గుప్పిళ్లకొద్దీ రావచ్చు. మన బోరునీళ్ల ఉప్పే అదంతా. ఇకమీదట రేడియేటర్లో డిస్టిల్డు వాటరూ కూలెంటూ సగం సగం, మరేదీ పోయొద్దు.

స్టార్టు చేసేముందు ఫిల్టర్లో ఆయిలు నింపి, స్టాప్ లీవరు లాగి పట్టుకుని పదిహేనేసి సెకన్లు సెల్ఫు కొడుతూ, ప్రెషరు ముల్లు లేచేదాకా ఆగు. తర్వాత డీజిలు దారిలో గాలి తియ్యి: ఫీడు పంపు మీటతో ఫిల్టరు స్క్రూ దగ్గర, పంపు స్క్రూ దగ్గర, ఆఖరికి ఇంజెక్టర్ల నట్లు వదులు చేసి. అంటుకున్నాక ఐడిల్లో వదిలెయ్యకు, 1500 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు తిప్పు. మొదటి కొన్ని వందల కిలోమీటర్లూ మరీ బుజ్జగిస్తూ నడపడం కూడా తప్పే. బరువు పడకపోతే రింగులు బోరుకి అతక్కుండా గోడలు నునుపెక్కిపోతాయి, ఆయిలు తాగడం మానదు. గట్టు ఎక్కించు, మూడో గేరులో నిండుగా లాగించు, మళ్లీ వదులు. గరిష్ఠ వేగంలో గంటలకొద్దీ మాత్రం తోలకు. 500 కిలోమీటర్లకి ఆయిలూ ఫిల్టరూ మార్చు, టాపెట్లు సరిచూడు. గ్యాస్కెట్ కంపెనీ చెప్తే హెడ్డు మళ్లీ బిగించు.

ఎయిర్ క్లీనరు గిన్నెలో ఆయిలు గీత దాకా ఉండాలి, దుమ్ములో తిరిగిన రోజుల్లో వారానికోసారి మార్చాలి. దాన్నించి మానిఫోల్డుకి పోయే రబ్బరు గొట్టం ముడతల్లో చీలిందేమో వేళ్లతో విప్పి చూడు. పైకి కనపడని చీలిక చాలు, క్లీనరు ఎంత శుభ్రంగా ఉన్నా ఇసక నేరుగా లోపలికే. కొత్త గొట్టం, రెండు క్లిప్పులు ఈ వారమే కొనేసెయ్. ఇంజను విప్పినా విప్పకపోయినా అవి ఎలాగూ కావాలి.

కంప్రెషన్ అంకెలు నాలుగూ, వేడి మీద ఆయిలు ప్రెషరూ రాసి ఫోటో పెట్టు. ఏం కొనాలో అవి చూశాక చెప్తాను. బామ్మ బీపీ మాత్రలు మర్చిపోకు.

నాన్న