మాల వెయ్యకుండానే 90 రోజులు, థాంక్స్ చెప్పుకోవాల్సినోళ్ళు ఉన్నారు

అందరికీ నమస్కారం. నిన్నటితో 90 రోజులయ్యింది నేను మందు ముట్టుకోక. నన్ను తెలిసినోళ్ళు నవ్వుతారు నాకు తెలుసు, ఎందుకంటే ఏటేటా మాల వేసుకుని 41 రోజులు స్వామీ స్వామీ అనుకుంటూ బుద్ధిగా ఉండి, శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే గాజువాకలో సిట్టింగ్ వేసీ బ్యాచ్ మాది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానీగలను అని ధీమా అన్నమాట.

ఈసారి మాలా లేదు మొక్కూ లేదు. చెకప్‌కి వెళ్తే స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 అన్నారు, రక్తంలో జీజీటీ అనే లివర్ టెస్టు 142 వచ్చింది, మగాళ్ళకి 60 లోపు ఉండాలట. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ రిపోర్టు పట్టుకెళ్ళి ఫ్రిజ్ తలుపుకి అంటించీసింది, నీళ్ళ బాటిల్ తీసినప్పుడల్లా కనపడీలా. తిట్టినా బాగుణ్ణు.

ఆ రాత్రే ఆపీసాను. అక్కడే తప్పు చేసాను. రోజూ క్వార్టర్, శనివారం హాఫ్ లాగించీ మనిషిని, రెండో రోజు పొద్దున్న టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి ఆగట్లేదు, సగం టీ లుంగీ మీదే, చెమటలు, రాత్రంతా నిద్ర లేదు. కొంచెం వేస్తే తగ్గిపోద్ది కదా అని నేను చూస్తుంటే మా బావ వచ్చి ఏటి ఇది అని బండెక్కించి డాక్టర్ గారి దగ్గరకి తీసుకెళ్ళీసాడు. రోజూ తాగీవాళ్ళు ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ కూడా రావొచ్చు, ప్రాణం మీదకి రావొచ్చు, చెప్పకుండా ఎందుకు ఆపావయ్యా అన్నారాయన. మరి మాలప్పుడు ఏమీ కాలేదు కదండీ అన్నాను. అప్పుడు రోజూ తాగీవాడివా అన్నారు. నిజమే, రోజూ అన్నది ఈ రెండేళ్ళ నుంచే. రోజురోజుకీ తగ్గించుకుంటూ వేసుకునే మాత్రలు, విటమిన్ బీ1 ఇంజెక్షన్లు ఇచ్చారు, వారంలో వణుకు పోయింది. బావా, ఆ రోజు నువ్వు రాకపోతే నేను వైన్ షాపుకే వెళ్దును.

రెండో థాంక్స్ మా పక్కింటి మాస్టారికి. పొద్దున్నే 4:45కి మిస్డ్ కాల్, లేవకపోతే మళ్ళీ ఇంకోటి. మా వైజాగ్ బీచ్ రోడ్డులో ఆ టైంకి బళ్ళు రానివ్వరు కదా, కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాటి పార్క్ హోటల్ వరకు నడక. నా మందు గురించి ఆయన ఒక్క రోజు కూడా అడగలేదండీ, పెన్షన్ గురించీ వంజరం రేటు గురించీ మాట్లాడీవారు.

మధురవాడలో గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు నా గ్లాసులో గప్‌చుప్‌గా స్ప్రైట్, ఐసు పోసి చేతిలో పెట్టిన ఫ్రెండుకి కూడా థాంక్స్రా, ఎవడూ అడగలేదు. రెండు పెగ్గులు గుండెకి మంచిదే అని వాదించినోడికి మాత్రం చెప్పను. ఎంత తక్కువ తాగినా సేఫ్ అన్నది లేదని డబ్ల్యూహెచ్‌ఓ 2023లోనే చెప్పీసింది బాబూ.

ఏం మారిందంటే, ముందు నిద్ర. మందు పడితే నిద్ర తొందరగా పట్టేది గానీ మూడింటికి నోరెండిపోయి మెలకువ, మళ్ళీ పట్టేది కాదు. ఆపాక మొదటి రెండు వారాలు నరకం, తర్వాత నుంచి మాస్టారి మిస్డ్ కాల్ వరకు ఒకటే నిద్ర. బరువు 4 కేజీలు తగ్గాను, క్వార్టర్‌లోనే 400 కేలరీలు పైన ఉంటాయట, మందులోకి తినే స్టఫ్ లెక్క వేరే. బీపీ దిగింది. జీజీటీ 48, లివర్ గ్రేడ్ 1కి వచ్చింది.

మొన్న రాత్రి తొమ్మిదింటికి మా పాప వచ్చి నాన్నా చార్ట్ పేపర్ కావాలి, బండి తియ్యి అంది. ఇంతకుముందు ఆ టైంలో నన్ను బండి తియ్యమని ఇంట్లో ఎవరూ అడిగీవారు కాదు, బావకి ఫోన్ చేసీవారు. షాపు కట్టీసే లోపు వెళ్ళి రెండు చార్టులు తెచ్చాం, ఒకటి ఎక్కువే.

రోజూ తాగీవాళ్ళు ఎవరైనా ఆపుదాం అనుకుంటే నాలాగ ఆవేశపడకండి, ముందు డాక్టర్‌కి చెప్పండి, మత్తు మానాలనుకునేవాళ్ళకి ఉన్న హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసినా మాట్లాడతారు, డబ్బులేమీ పడవు.

కొత్త రిపోర్టు కూడా ఫ్రిజ్‌కి ఎక్కింది. పాతది తీసీమంటే మా ఆవిడ తియ్యలేదు, పక్కపక్కనే ఉన్నాయి.