డోర్ నంబరు లెక్కపెట్టారు, పొయ్యిలు లెక్కపెట్టలేదు సార్

హైదరాబాద్‌లో మూసీ నదిని బాగుచేసే పనులు చూస్తున్న పెద్దసారుకు,

నమస్కారం. ఇది మా ఆరో అర్జీ. ముందు పెట్టుకున్న ఐదింటికీ రసీదులిచ్చారు, జవాబులే ఇవ్వలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నా, తప్పుగా అనుకోవద్దు.

2024 సెప్టెంబరు చివర్లో సర్వే వాళ్లు వచ్చి, చాదర్‌ఘాట్ దగ్గర మా ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాసి వెళ్లారు. బడి నుంచి వచ్చిన మా చిన్నోడు అది చూసి, “మన ఇంటికి ఇంటూ కొట్టిన్రేంది నాయనా, ఏం తప్పు చేసినం?” అన్నాడు. ఏం చెప్పాలి? ఆ రాతకు అర్థం మేం నదీగర్భంలో ఉన్నామనట, అదే తప్పట. మా నాయన నోటరీ కాగితం మీద కొన్న జాగా అది. ఇన్నేళ్లూ ఇంటి పన్ను, కరెంటు బిల్లు తీసుకున్నప్పుడు మాత్రం అది నదీగర్భమని ఎవరికీ గుర్తురాలేదు. సరే, ఆ పంచాయితీ ఇప్పుడొద్దు. ఖాళీ చేయమన్నారు, చేశాం. కోర్టుకు పోలేదు, జేసీబీకి అడ్డం పడుకోలేదు. మూసీ కంపు మాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు సార్? నది బాగుపడుతుందంటే వద్దనే మొహాలు కావు మావి.

మా బాధల్లా ఒక్కటే. ఆ డోర్ నంబరు వెనుక మూడు కాపురాలున్నాయి. కింద అన్నావదినలు, పైన మేము, పక్కన రేకుల గదిలో తమ్ముడు. ముగ్గురికీ వేర్వేరు రేషన్ కార్డులు, వేర్వేరు గ్యాస్ బండలు. కానీ మీటరు ఒక్కటే, కాగితం నాయన పేరునే ఉంది. దాంతో సర్వే ఆయన ఒక కుటుంబమని రాసుకున్నాడు. అన్న రేషన్ కార్డులు తెచ్చి చూపిస్తే, “ముందు ఇది తీసుకోండి, మిగతా రెండూ తర్వాత చూద్దాం” అన్నాడు. మేం నమ్మాం. ఆ ‘తర్వాత’ ఏ సంవత్సరంలో వస్తుందో అప్పుడే అడగాల్సింది, మాదే పొరపాటు.

చేతికొచ్చింది ఉప్పల్ అవతలున్న ప్రతాపసింగారంలో ఒక డబుల్ బెడ్రూం. 560 చదరపు అడుగులు, మనుషులం పన్నెండుగురం. ఒక గది అన్నవాళ్లకు, ఒకటి మాకు. తమ్ముడూ మరదలూ మూడు నెలల పాపతో హాల్లో. అమ్మ వంటింటి గడప దగ్గర. రాత్రి హాలుకు అడ్డంగా తాడు కట్టి మరదలు తన పెళ్లి చీర ఆరేసేది, తెర కోసం. ఫ్యాన్ వేస్తే చీర లేచిపోతుంది, ఆపితే పాపకు చెమట. చీర అంచులకు బట్టల క్లిప్పులు పెట్టి చూసింది, నీళ్ల సీసాలు కట్టి చూసింది. అర్ధరాత్రి బాత్రూంకు లేచినవాళ్లం గోడ వైపు మొహం పెట్టుకుని నడిచేవాళ్లం. సొంత తమ్ముడి కాపురం ముందు నుంచి అలా దొంగల్లా పోవడం ఎలా ఉంటుందో మీకు రాసి చెప్పలేను సార్.

2024 అక్టోబరులో మన మంత్రులు సియోల్ దాకా పోయి అక్కడి నదిని ఎట్ల బాగుచేశారో చూసొచ్చారు. మంచిదే. మా హాలు చూడ్డానికి వీసా కూడా అక్కర్లేదు, ఉప్పల్ నుంచి బస్సుంది.

మూడు నెలలు ఓర్చుకుని తమ్ముడు వెళ్లిపోయాడు. వాడు మలక్‌పేట గంజి మార్కెట్లో హమాలీ. తెల్లారకముందే పనిలో ఉండాలి, ఇక్కడి నుంచి ఆ వేళకు బస్సు దొరకదు. మా పాత బస్తీలోనే, మా కూలిన ఇంటికి రెండు గల్లీల అవతల ఒక గది కిరాయికి తీసుకున్నాడు. అర్థమైందా సార్? వరద నుంచి కాపాడతామని మమ్మల్ని అక్కడి నుంచి లేపారు. ఇల్లు చాలక వాడు మళ్లీ అక్కడికే చేరాడు, ఈసారి కిరాయి కట్టి మరీ.

2025 సెప్టెంబరు 26 రాత్రి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల నుంచి వదిలిన నీళ్లు తమ్ముడి గదిలోకి వచ్చాయి. ఎంజీబీఎస్ బస్టాండులోకే మూసీ వచ్చిన రోజు, ఇక ఆ గది ఎంత? పాపను భుజాన వేసుకుని నడుంలోతు నీళ్లలో బయటపడ్డారు. మా పాత ఇల్లుంటే అదీ మునిగేదే, ఒప్పుకుంటా. మీరన్న మాటలో నిజముంది. మరి ఆ నిజం మా తమ్ముడికి ఎందుకు వర్తించదు? బియ్యం డబ్బాలో దాచిన అర్జీ రసీదులు నాని ముద్దయ్యాయి. రెండింటి మీద ముద్ర కూడా కనబడటం లేదు. మిగిలిన మూడింటి జిరాక్సులు దీనితో పెడుతున్నా, అవన్నా చూడండి.

ఇక మా ఆవిడ సంగతి. మలక్‌పేటలో నాలుగిళ్లలో పని చేసేది. ఇప్పుడు ఒక్క ఇల్లే మిగిలింది, అదీ ఆ ఇంటమ్మ దయ. దీని గురించి ఇంకో అర్జీ రాస్తాలెండి.

మేం ఫ్రీగా మేడలు అడగడం లేదు. మూడు రేషన్ కార్డులు మీరిచ్చినవే, మూడు కుటుంబాలని మీ కాగితమే చెబుతోంది. ఇంకో రెండిళ్లు ఇప్పించండి. రెండు కుదరకపోతే ముందు తమ్ముడికి ఒక్కటైనా, గంజికి దగ్గరలో. అదీ కాదంటే కాదని రాసివ్వండి, రసీదు మాత్రం వద్దు.

కూలిన ఇంటి తాళంచెవి ఇప్పటికీ అమ్మ కొంగునే ఉంది. ఇక్కడ పది రోజులు, తమ్ముడి దగ్గర పది రోజులు ఉంటోంది. ఆకాశం మబ్బు పట్టిందంటే చాలు, తమ్ముడికి ఫోన్ చేయమని నా ప్రాణం తీస్తుంది.

ఇట్లు,
ఒకప్పటి చాదర్‌ఘాట్ మూసీ ఒడ్డు నివాసి