ఆందోళన చెందారా, చేశారా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న పేపర్లో 'పత్తి రైతుల ఆందోళన' అన్న శీర్షిక చూసి, రోడ్డెక్కారేమో, మా చెల్లెలు వచ్చే బస్సు ఎక్కడ ఆగిపోతుందోనని టెన్షన్ పడ్డాను. తీరా చదివితే, వానలు లేక వాళ్లు దిగులుపడుతున్నారట!

తప్పు విలేకరిది కాదు, మాటదే. సంస్కృతపు 'దోల', మన వాడుకలో 'డోల', అంటే ఊయల. ఆందోళనం అంటే ఊగడం. సింహాచలంలో హోలీ పున్నమికి జరిగే డోలోత్సవంలో ఉన్నదీ ఈ ఊయలే. సంగీతంలో స్వరాన్ని ఊపే గమకం ఆందోళితం. మనసు అటూ ఇటూ ఊగితే బెంగ, జనం కదిలితే ఉద్యమం. హిందీలో, కన్నడంలో ఈ మాటకు ఉద్యమమన్న అర్థమే ఎక్కువ వాడుక. మనం మాత్రం రెండూ ఉంచుకున్నాం.

వాక్యంలో చిక్కేమీ లేదు. 'చెందారు' అంటే భయం, 'చేశారు' అంటే ధర్నా. శీర్షికలో క్రియ ఎగిరిపోతేనే తంటా.

లోపలి భయానికి గుబులు, బెంగ, దిగులు, కలవరం ఉండనే ఉన్నాయి. 'రైతుల్లో గుబులు' అని పేపర్లు అప్పుడప్పుడు రాస్తూనే ఉంటాయి. అదే బాగుంది, పైగా చోటు కూడా కలిసొస్తుంది. 'ఆందోళన'ను ధర్నాలకు వదిలేయమని మనవి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి