ముందు గొట్టం, తర్వాత కాలువ, ఆ తర్వాతే రోడ్డు

సంపాదకులకు నమస్కారం.

వానలు పట్టే ముందు ఏ మునిసిపాలిటీలో చూసినా ఫిర్యాదులు ఒకే తీరుగా ఉంటాయి. కుళాయి నీళ్ళు వాసనొస్తున్నాయని ఒకరు, సైడు కాలువ పొంగుతోందని ఒకరు, దోమలతో నిద్ర లేదని ఒకరు, రోడ్డు ఎత్తు పెరిగి వాననీరు గుమ్మంలోకి వస్తోందని ఇంకొకరు. ఆఫీసు రిజిస్టరులో ఇవి వేరువేరు సెక్షన్లకు వెళ్తాయి. వీధిలో నిలబడి చూస్తే మాత్రం అన్నీ రోడ్డు అంచుకీ ఇంటి గోడకీ మధ్య ఉన్న మూడడుగుల జాగాలోనే ఉన్నాయి. కృష్ణా డెల్టాలోని ఒక పట్టణంలో వార్డు కౌన్సిలర్‌గా ఆ మూడడుగుల గురించే రాస్తున్నాను.

ముందు నీళ్ళ సంగతి. గుడివాడ, మచిలీపట్నం లాంటి ఊళ్ళకు కాలువ నీటిని సమ్మర్ స్టోరేజీ చెరువుల్లో నింపి, ఫిల్టరు చేసి, క్లోరిన్ కలిపి ఓవర్‌హెడ్ ట్యాంకులకు ఎక్కిస్తారు. ట్యాంకు దగ్గర పట్టిన నీళ్ళు బాగానే ఉంటాయి, వీధి చివరి ఇంట్లో మాత్రం వాసన. చెడేది ఎక్కువగా చివరి నాలుగైదు గజాల్లో. మెయిన్ పైపు రోడ్డుకు ఒక పక్కనే ఉంటుంది కాబట్టి అవతలి పక్క ఇళ్ళకు అరంగుళం జీఐ (జింకు పూత వేసిన ఇనుప) గొట్టం రోడ్డు దాటి, సైడు కాలువలో దిగి, మళ్ళీ పైకి లేచి లోపలికి వెళ్తుంది. కాలువలోకి వంగి చూడండి. గొట్టానికి చుట్టుకున్న క్యారీబ్యాగు పేలికలు, వాటికి పట్టిన పూడిక, దాని వెనక నిలిచిన మురుగు కనిపిస్తాయి. తుప్పు మురుగు తాకే కింది వైపున ఎక్కువ తింటుంది. పైనుంచి చూసి వెళ్ళే ఫిట్టరుకు గొట్టం బాగున్నట్టే ఉంటుంది. వేలు పెట్టి కింద తడిమితే పెచ్చులు ఊడొస్తాయి.

నీళ్ళు వదిలినంతసేపూ ఆ చిల్లులోంచి మంచినీరు బయటికి చిమ్ముతుంది, అప్పుడు ప్రమాదం తక్కువ. వాల్వు కట్టేశాకే అసలు ముప్పు. పైపు ఖాళీ అవుతూ గాలిని లాగుతుంది, ఆ లాగుడులో చిల్లు చుట్టూ ఉన్న మురుగు లోపలికి పోతుంది. మర్నాడు పొద్దున మొదటి బిందెలో వచ్చేది అదే. కుళాయికి నేరుగా మోటారు బిగించిన ఇల్లు వీధిలో ఒక్కటి ఉన్నా చాలు, నీళ్ళు వస్తున్న గంటలో కూడా పక్కింటి గొట్టంలో పీడనం పడిపోయి ఇదే జరుగుతుంది. మోటారు పెట్టుకున్నవాళ్ళు తమ నీళ్ళు తాము తోడుకుంటున్నామనే అనుకుంటారు, పొరుగింటి కాలువ మురుగును కూడా తోడుతున్నామని వాళ్ళకు తెలియదు. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో కలుషిత నీరు ప్రాణాలు తీసిన సంగతి మనం మరిచిపోకూడదు.

చిల్లు ఎక్కడుందో పట్టుకోవడానికి వీధంతా తవ్వక్కర్లేదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఫిట్టర్ల దగ్గర ఉండే క్లోరోస్కోప్ గొట్టంలో నీళ్ళు పట్టి, ఓటీ (ఆర్థోటోలిడిన్ అనే మందు) చుక్కలు వేస్తే పసుపు రంగు తిరుగుతుంది. పది సెకన్లలోపే రంగు పోల్చి చూడాలి. ఆలస్యమైతే రంగు ముదిరి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. చూశాక ఆ నీటిని పారబోయాలి, తాగకూడదు. ఈ పరీక్షను ట్యాంకు కింద చేసి రిజిస్టరులో రాస్తే ఉపయోగం లేదు. నీళ్ళు వదిలిన మొదటి పది నిమిషాల్లో వీధి చివరి ఇంట్లో మొదలుపెట్టి వెనక్కి రావాలి. ఒక ఇంట్లో రంగు రాలేదు, ట్యాంకు వైపున్న పక్కింట్లో వచ్చింది అంటే తేడా ఆ రెండు కనెక్షన్ల మధ్యే ఉంది. మూడు నాలుగు అడుగుల గొయ్యితో పని తేలిపోతుంది.

మరమ్మతు కూడా పెద్దది కాదు. కాలువ దాటే చోట జీఐ ముక్కలు అతకడం మానేసి, ఫెర్రూల్ (మెయిన్ పైపుకు ఇంటి గొట్టాన్ని తగిలించే ముక్క) నుంచి నీళ్ళ మీటరు దాకా అతుకు లేని ఒకే ముక్క ప్లాస్టిక్ హెచ్‌డీపీఈ గొట్టం వేయాలి. దాన్ని అంగుళంన్నర పీవీసీ తొడుగులో దూర్చి, ఆ తొడుగు కాలువకు రెండు పక్కలా కనీసం అడుగు దాటేలా చూడాలి. వీలుంటే కాలువ గోడ పైఅంచు దగ్గర, మురుగు మట్టానికి పైన దాటించాలి. అతుకు మాత్రం కాలువలో ఉండకూడదు. ఎల్బోలూ సాకెట్లూ కాలువ మధ్యలో పెట్టి పైన గుడ్డ చుట్టి వెళ్ళే పని నాలుగు నెలలు కూడా నిలవదు.

మరమ్మతు అయ్యేదాకా ఇంట్లో చేసుకోగలిగింది ఒకటుంది. మొదటి ఐదు నిమిషాల నీళ్ళు పట్టకుండా వదిలేయండి. వెయ్యి లీటర్ల సంపుకు నాలుగు గ్రాముల బ్లీచింగ్ పౌడరు చాలు. బకెట్ నీటిలో కలిపి, సున్నం అడుక్కి చేరాక పైతేట మాత్రమే సంపులో పోసి, అరగంట ఆగాలి. మూత తీసి ఉంచిన పాత బ్లీచింగ్ మాత్రం పనిచేయదు, దాని క్లోరిన్ గాలికి పోయి ఉంటుంది. తాగే నీళ్ళను కాచి చల్లార్చుకోవడమే మేలు.

ఇక కాలువ. డెల్టా నేల పీటలా చదును. అడుగు వెడల్పు కాలువ సగం నిండి పారుతూ మట్టిని తనంతట తాను తోసుకుపోవాలంటే వంద మీటర్లకు పాతిక సెంటీమీటర్ల వాలైనా ఉండాలి. ఈ నేల మీద ఆ వాలును లెక్కగా కట్టి తెచ్చుకోవాలే తప్ప దానంతట అది రాదు. కొత్త కాలువ కట్టినప్పుడు పొడవు కొలిచి కొలతల పుస్తకం ఎం-బుక్‌లో రాస్తారు, వాలు కొలిచే పని మాత్రం తరచూ మిగిలిపోతుంది. కొలవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. మేస్త్రీల దగ్గర ఉండే నీళ్ళ లెవెల్ ట్యూబు చాలు. ట్యూబు పొడవును బట్టి పది పది మీటర్లకు రెండు చివర్లా పట్టుకుని అడుగుమట్టం తేడా చూడాలి, పది మీటర్లకు రెండున్నర సెంటీమీటర్లు రావాలి. బిల్లు రాసేముందు పై చివర పది బకెట్లు పోసి గంట తర్వాత వచ్చి చూసినా తెలిసిపోతుంది. నీళ్ళు ఎక్కడ నిలిచాయో అక్కడ రేపు పూడిక పేరుకుంటుంది, ఎల్లుండి దోమ గుడ్లు పెడుతుంది.

ఇంటి ముందు ర్యాంపుల మాట చెబితే ఓట్లు పోతాయని చాలామంది కౌన్సిలర్లు మాట్లాడరు. చెప్పక తప్పదు. అడుగు వెడల్పు, అడుగు లోతు కాలువ అడ్డకోత 144 చదరపు అంగుళాలు. ర్యాంపు కింద వేసే నాలుగంగుళాల గొట్టానిది పన్నెండున్నర. పదకొండో వంతుకు కూడా కాస్త తక్కువే. ఆ గొట్టంలో ఒక కొబ్బరి పీచు ముక్క, ఒక పాల ప్యాకెట్టు ఇరుక్కున్నాయంటే పైనున్న పది ఇళ్ళ మురుగు ఆగిపోతుంది. బండి లోపలికి వెళ్ళొద్దని ఎవరూ అనరు. కాలువ పూర్తి వెడల్పు వదిలి, పైన ఎత్తి తీయగల పలకలు వేసుకోవాలి. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న కాంక్రీటు పలక 50 కిలోలు తూగుతుంది. కొక్కేలు ఉంటే ఇద్దరు మనుషులు ఎత్తి పక్కన పెట్టగలరు. కారు ఎక్కే చోట నాలుగంగుళాల మందం, లోపల సరిపడా ఇనుము కావాలి. పోతపోసిన ర్యాంపు కింద చెయ్యి పెట్టి పూడిక తీయమని పారిశుద్ధ్య కార్మికుణ్ణి అడిగే హక్కు ఎవరికీ లేదు.

పూడిక తీశాక గట్టున వదిలేయడం మరో పొరపాటు. నీరు ఓడ్చుకోవడానికి ఒకటి రెండు రోజులు ఆగాలి, అది నిజమే. మూడో రోజు ట్రాక్టరు రాకపోతే ఒక్క జల్లుకు మొత్తం తిరిగి కాలువలోకే జారుతుంది. తీసిన రోజునే ఎత్తే తేదీ కూడా రాసి, అది తప్పితే పారిశుద్ధ్య మేస్త్రీని అడగాలి. సెప్టిక్ ట్యాంకులను రెండు మూడేళ్ళకోసారి తోడించకపోవడం వల్ల మడ్డి గొట్టంలోంచి నేరుగా కాలువలోకి వస్తోంది. మంచినీటి గొట్టం మునిగి ఉన్నది అందులోనే.

దోమలకు ఫాగింగ్ కావాలని అడుగుతారు. పొగ ఎగిరే దోమలను చంపుతుంది, నీళ్ళలో ఉన్న లార్వాను ఏమీ చేయలేదు. వారం తిరిగేసరికి కొత్త దోమలు లేస్తాయి. మురుగు కదలని చోట్ల ఆయిల్ బాల్స్ (నూనెలో నానబెట్టిన రంపపు పొట్టు మూటలు) వేయడం, కాలువను పారించడం, ఇళ్ళలో తొట్లూ డ్రమ్ములూ వారానికోసారి ఆరబెట్టడం పనికొస్తాయి.

వీటన్నిటికీ పైన రోడ్డు. పాత సీసీ రోడ్డును తవ్వకుండా దాని మీదే ఆరంగుళాలు పోస్తే, రెండు విడతలకు అడుగు ఎత్తు లేస్తుంది. ఇంటి గచ్చు పల్లంలో పడుతుంది. ఇంటివాళ్ళు ర్యాంపు ఎత్తు పెంచుతారు, కాలువ మూసుకుపోతుంది. కొత్త కనెక్షను కావాలంటే రోడ్డు కోయాలి, కోతకు డబ్బు కట్టాలి, అందుకని ప్లంబరు ఏ పాత గొట్టానికో అతికి కాలువలోంచి లాగేస్తాడు. మళ్ళీ కథ మొదటికి వస్తుంది. డబ్బు లేదనడానికి కూడా లేదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం చిన్న పట్టణాలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుద్ధ్యానికీ మాత్రమే వాడాలని కట్టడి చేసింది. రోడ్డుకు కొబ్బరికాయ కొట్టినంత సంబరంగా మూడడుగుల గొట్టానికి ఎవరూ కొట్టరు కదా. ఆ పని వెనకబడిపోవడానికి కారణం ఇదే.

అందుకని తోటి కౌన్సిలర్లకూ అధికారులకూ ఒక విన్నపం. కౌన్సిల్ ఎజెండాలో ఏ సీసీ రోడ్డు అంశం వచ్చినా, ఆ వీధిలో కాలువ దాటుతున్న కుళాయి గొట్టాల పట్టిక డోరు నంబర్లతో ఎస్టిమేట్‌కు జతచేయాలి. దాని మీద ఫిట్టరు, వార్డు సచివాలయం ఎమినిటీస్ (సదుపాయాల) కార్యదర్శి, ఆ వార్డు కౌన్సిలర్ సంతకాలు ఉండాలి. గొట్టాలు మార్చాక కాలువ, కాలువ వాలు సరిచూశాక రోడ్డు. పాత రోడ్డును తవ్వి తీసే ఖర్చు కూడా అందులోనే వేయాలి. ఖాళీ స్థలాల ముందు రోడ్డు కింద రెండంగుళాల పీవీసీ గొట్టం ముందే వేసి, రెండు చివర్లా మూత బిగించి ఉంచితే రేపు ఇల్లు కట్టినప్పుడు రోడ్డు కోసే అవసరం రాదు. ఈ పట్టిక జతపడని అంశానికి చేయి ఎత్తనని ప్రతి కౌన్సిలరూ అనగలడు. ఆ అధికారం మనకుంది.

పౌరులను కోరేది కూడా ఒకటే. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చినా, సచివాలయంలో ఇచ్చినా ‘నీళ్ళు బాగాలేవు’ అని మాత్రం రాయకండి. డోరు నంబరు, నీళ్ళు వచ్చిన వేళ, వాసన మొదటి బిందెలోనేనా చివరిదాకానా, పక్కింట్లో ఎలా ఉన్నాయి, మీ గొట్టం కాలువలో మునిగి ఉందా అన్న ఐదు మాటలు రాయండి. వాసన మొదటి బిందెతో పోతే చిల్లు మీ ఇంటి దగ్గరే ఉండొచ్చు, చివరిదాకా ఉంటే మెయిన్ పైపును అనుమానించాలి. ఆ ఒక్క ముక్క రాసి ఉంటే ఫిట్టరు గునపం ఎక్కడ దించాలో అక్కడే దించుతాడు.

ఇట్లు,
ఒక మునిసిపల్ వార్డు కౌన్సిలర్,
కృష్ణా జిల్లా