మిద్దె మీద షీటు ఎన్ని అంగుళాలు?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎండాకాలం వస్తే చాలు, జిల్లా పేజీలో ఊరూరి డిగ్రీలు వేస్తారు, మజ్జిగ తాగండి, మధ్యాహ్నం బయటికి పోవద్దండి అని రాస్తారు. మంచిదే. కానీ పొద్దు గూకి ఐదారు గంటలైనా ఇంట్లో ఫ్యాను వేడి గాలే కొడుతుంది కదా, దాని గురించి ఎవరూ రాయరు. పగలంతా స్లాబు తాగిన ఎండే రాత్రి గదిలోకి దిగుతోంది.

మా వైపు కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు, పాత మిద్దె మీద కూల్ టైల్స్ వేయించేవాళ్లు అందరిదీ ఒకటే ప్రశ్న. కింద థర్మోకోల్ షీటు ఎంత మందం వేయాలి, ఎన్ని తేవాలి? బేల్దారి మేస్త్రీ అంగుళం చాలంటాడు, షాపాయన నాలుగంగుళాలు లేకపోతే దండగంటాడు. దీనికి లెక్క ఉంది, పదో తరగతి పిల్లలు చేయగలిగినంత సులువైన లెక్క, అది తెలియకే జనం డబ్బు పోగొట్టుకుంటున్నారని నా బాధ.

మందాన్ని మీటర్లలో తీసుకుని, ఆ సరుకు వేడిని పంపే గుణకంతో భాగించాలి. వచ్చేదే ఆర్ వాల్యూ, ఎంత ఎక్కువుంటే వేడిని అంత ఆపుతుంది. కాంక్రీటు గుణకం సుమారు 1.58, థర్మోకోల్‌ది 0.035. ఐదంగుళాల స్లాబుకు 0.08 వస్తే, రెండంగుళాల షీటుకు 1.43 వస్తుంది. ఆ షీటు చేసే పని కాంక్రీటుతోనే చేయించాలంటే రెండు మీటర్లకు పైగా మందం పోయాలండీ! మన పాత మట్టి మిద్దెల్లో మందంగా మట్టి, పైన చవుడు ఊరికే పోయలేదు పెద్దవాళ్లు.

స్లాబుకు ప్లాస్టరు, రెండు వైపులా ఉండే గాలి పొర కూడా కలిపి లెక్కేస్తే, ఉత్త మిద్దె నుంచి దిగే వేడి 100 అనుకుందాం. అంగుళం షీటు వేస్తే అది 31కి పడుతుంది, రెండంగుళాలకు 18, మూడుకు 13, నాలుగుకు 10. చూడండి, మొదటి అంగుళమే మూడింట రెండొంతుల వేడిని ఆపేస్తోంది, నాలుగో అంగుళానికి పెట్టిన డబ్బుకు తగ్గేది నూటికి మూడే. ఇళ్ల కోసం కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత 2018 ప్రకారం పైకప్పు యూ వాల్యూ, అంటే ఒకటిని అన్ని పొరల మొత్తం ఆర్ వాల్యూతో భాగిస్తే వచ్చేది, 1.2 దాటకూడదు, అంగుళంతోనే ఒకటి లోపలికి వస్తాం. మన కడప, కర్నూలు, అనంతపురం ఎండలకు మాత్రం రెండంగుళాలు వేయండనే చెబుతాను. అక్కడితో ఆపి, మిగిలిన డబ్బుతో పైన తెల్ల టైల్స్ వేసుకోండి.

ఇక ఎన్ని షీట్లు అంటే, స్థలం ఎన్ని సెంట్లో చూసి కొనకూడదు, పిట్టగోడల లోపలి కొలతే తీసుకోవాలి. 36 అడుగులకు 25 అడుగుల మిద్దె 900 చదరపు అడుగులు, మెట్ల గదికి, ట్యాంకు దిమ్మెకు ఓ వంద తీసేస్తే 800. మీటరు పొడవు, అర మీటరు వెడల్పున్న షీటు 5.38 చదరపు అడుగులు కప్పుతుంది కాబట్టి 149 షీట్లు, కోతల్లో పోయేదానికి నూటికి ఐదు కలిపితే 156. రెండంగుళాల షీటు ఒక్కటే కాకుండా అంగుళంవి రెండు వరసలు, కింది అతుకు మీద పై అతుకు రాకుండా పరిస్తే వేడి సందుల్లోంచి దిగదు, అప్పుడు లెక్క రెట్టింపు, 312.

డెన్సిటీ అడగడం మాత్రం మరిచిపోవద్దు. టీవీ డబ్బాల్లో వచ్చే మెత్తటి థర్మోకోల్ మీద కాంక్రీటు, టైల్స్ బరువు పడితే అణిగిపోతుంది. ఘనపు మీటరుకు కనీసం 20 కిలోలు ఉండాలి, 24 అయితే ఇంకా మేలు. షాపులోనే తూకం వేయించండి, పైన చెప్పిన సైజులో రెండంగుళాల షీటు అర కిలోకు తగ్గితే తీసుకోవద్దు. ముందు వాటర్ ప్రూఫింగ్, దాని మీద షీట్లు, ఆపైన కాంక్రీటు, టైల్స్. థర్మోకోల్‌ను గది లోపల సీలింగుకు అంటించే వాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి, అది నిప్పు అంటుకునే సరుకు, పైగా స్లాబు ఎప్పటిలాగే కాలుతూనే ఉంటుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది సెంటు, సెంటున్నర స్థలాల్లో కట్టిన కాలనీ ఇళ్లు. చెట్టు నీడ లేదు, ఏసీ పెట్టుకునే స్తోమత లేదు, నెత్తిన ఉత్త స్లాబు. మిద్దె 350 చదరపు అడుగులనుకున్నా 70 షీట్లు చాలు. పక్కన తెలంగాణ 2023లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. మన దగ్గర కూడా ప్రభుత్వ ఇళ్ల ఎస్టిమేట్లలో సిమెంటు, స్టీలుతో పాటు ఈ షీట్లకూ ఒక లైను పెట్టాలి. షీట్లకు కుదరని చోట ఎండలు ముదరకముందే మిద్దెకు తెల్ల సున్నమైనా కొట్టించాలి. షాపుల వాళ్లు బిల్లు మీద మందంతో పాటు డెన్సిటీ, ఆర్ వాల్యూ రాసివ్వాలి. మీరు ఒక ఆదివారం ఈ లెక్కను పట్టికగా వేయండి, ఏ సైజు మిద్దెకు ఎన్ని షీట్లో జనం కత్తిరించి పెట్టుకుంటారు.

ఒక పాఠకురాలు,
ఎర్రముక్కపల్లి, కడప