ఆరేళ్లకు వచ్చేది పాలపన్ను కాదు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో జ్వరం చూస్తారు, దగ్గు చూస్తారు, పిల్లల నోరు తెరిపించి పళ్లు చూసేవారు మాత్రం అరుదు. బెంగళూరు శివార్లలో మా వీధి నిండా కదిరి వైపు నుంచి వచ్చిన మేస్త్రీల కుటుంబాలే. మొన్న ఓ ఏడేళ్ల పాప బుగ్గ వాచి ఏడుస్తుంటే నోట్లోకి చూశాను. కింది దవడలో అన్నిటికన్నా వెనకున్న పన్నుకు నల్లటి గుంట, అందులో ఇరుక్కున్న లవంగం ముక్క. "పాలపన్నే కదక్కా, ఊడిపోతుందిలే" అంది తల్లి. అది పాలపన్ను కాదు. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే వచ్చే శాశ్వత దంతం. పోతే మళ్లీ రాదు. పైనుండే ఎనామిల్‌కు నరాలుండవు కనక పుచ్చు లోపలికి దిగేదాకా నొప్పే తెలియదు. ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తే దొరికినవి నొప్పి మాత్రలు, పెద్దాసుపత్రికి పొమ్మన్న మాట. రోజు కూలి పోగొట్టుకుని ఎలా పోతారు? అయిదారేళ్లకు డీపీటీ బూస్టర్ టీకా ఎలాగూ వేస్తారు. ఆ పూటే నర్సు టార్చిలైటు వేసి నోటి నాలుగు మూలల్లో ఇలా ఆరేళ్లకు వచ్చే నాలుగు పళ్లూ చూసి టీకా కార్డులో రాయాలి. పంటి గాట్లను పూడ్చే సీలెంట్, పుచ్చు పట్టకుండా పంటికి పూసే ఫ్లోరైడ్ వార్నిష్ వేయడానికి నెలకొకసారైనా దంతవైద్యుడు కేంద్రానికే రావాలి. గోడమీది సూచనలు కన్నడంతోపాటు తెలుగులోనూ ఉండాలి.

– ఒక పాఠకురాలు, బెంగళూరు